క్యాసెట్టు నుంచి కీప్యాడ్ ఫోను దాకా: షెల్ స్క్రిప్టుతో ఒక పాఠం

 

కంప్యూటరు మీద పిల్లలకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని ట్రస్టువారు నన్ను అడిగారు. నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి, 36 ఏళ్ళు బ్యాంకు గుమాస్తాగా పనిచేసి 2020లో రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన కంప్యూటరు విద్య కొద్దిపాటిదే. అయితే ఆ కొద్దిపాటి విద్యతోనే మా ఇంట్లో ఒక మంచి పని చేశాను, ఒక పొరపాటూ చేశాను. రెండూ ఈ పాఠంలో ఉన్నాయి. పొరపాటునే కాస్త వివరంగా రాస్తున్నాను. మీకు ఎక్కువ పనికివచ్చేది అదే.

1. పని ఏమిటి?

మా పెద్దలు తుంగభద్ర కాలువ వచ్చాక గుంటూరు వైపు నుంచి ఈ ప్రాంతానికి వచ్చి క్యాంపులో స్థిరపడ్డవారు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. కానీ తెలుగు పద్యం మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ నాటకాలు ఆడించిన, ఆడిన జిల్లా కదా ఇది! మా క్యాంపులో శ్రీరామనవమి పందిట్లో ఏటా నాటకం ఉండేది. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు మా అన్నయ్య హార్మోనియం పక్కన నిలబడి పాడేవాడు. 1987లో ఎవరిదో టేప్ రికార్డరు అరువు తెచ్చి ఆ పద్యాలు, ఆ తరువాత మరికొన్ని రికార్డు చేసుకున్నాం. మొత్తం ఆరు క్యాసెట్లు. ఆరో దానికి ఒక వైపు ఖాళీ. కాబట్టి వినవలసినవి పదకొండు వైపులు.

అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. మా వదినకు డెబ్బై దాటాయి. స్మార్ట్ ఫోను ఆమెకు నచ్చదు. "వేలు తగిలితే చాలు ఎక్కడికో పోతుందయ్యా అది" అంటుంది. ఆమె దగ్గర ఉన్నది నొక్కే బొత్తాల కీప్యాడ్ ఫోను, అందులో 2 జిబి మెమరీ కార్డు. ఆ ఫోనులో అన్నయ్య పద్యాలు వినిపించాలి. 2022లో నేను పెట్టుకున్న పని ఇది.

టేప్ రికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఒక్కొక్క వైపునూ రికార్డు చేశాను. అవి వేవ్ ఫైళ్ళుగా తయారయ్యాయి. వాటిని ఫోనుకు తగిన ఎంపీ3 ఫైళ్ళుగా మార్చాలి.

2. ముందు లెక్క చూద్దాం

కామర్స్ వాడిని కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మామూలు వేవ్ ఫైలులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. కుడి, ఎడమ కలిపి రెండు వరుసలు. మూడూ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే నిమిషానికి 1,05,84,000 బైట్లు, సుమారు పదిన్నర ఎంబి. క్యాసెట్టు ఒక వైపు 30 నిమిషాలు అనుకుంటే 317 ఎంబి దాటుతుంది. వదిన ఫోను కార్డులో ఇవి ఆరు వైపులకు మించి పట్టవు.

ఇప్పుడు ఎంపీ3 లెక్క. పాత క్యాసెట్టులో ఉన్నది ఒక గొంతు, ఒక హార్మోనియం. రికార్డు చేసినది ఒకే మైకు. కాబట్టి రెండు వరుసలు అక్కరలేదు, ఒకటి చాలు. సెకనుకు 64 కిలోబిట్లు పెట్టుకుంటే 8,000 బైట్లు. 30 నిమిషాలకు 14.4 ఎంబి. అదే 2 జిబి కార్డులో 130కి పైగా వైపులు పడతాయి. సుమారు ఇరవై రెండు రెట్లు ఆదా.

ఇంత ఆదా ఎక్కడి నుంచి వచ్చింది? జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు, వారితో మరికొందరు కలిసి రూపొందించిన పద్ధతి ఇది. మన చెవికి ఒక బలహీనత ఉంది. హార్మోనియం గట్టిగా మోగుతున్నప్పుడు దానికి దగ్గరి స్థాయిలో ఉన్న చిన్న శబ్దం మనకు వినబడదు. వినబడని దాన్ని దాచడం దేనికని ఎంపీ3 పద్ధతి దాన్ని వదిలేస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. వదిలేసినది తిరిగి రాదు. ఎంపీ3ని మళ్ళీ వేవ్‌గా మారిస్తే సైజు పెరుగుతుంది గానీ పోయిన ధ్వని రాదు. చెక్కు జెరాక్సు తీసి, ఆ జెరాక్సుకు మళ్ళీ జెరాక్సు తీసినట్టు. అందుకే ఫోనుకు ఎంపీ3, బీరువాకు అసలు ఫైలు. అసలు ఫైలు మరీ పెద్దదైతే ఫ్లాక్ అనే పద్ధతి ఉంది. అందులో ధ్వని ఏమీ పోదు, చోటు మాత్రం కొంత కలిసి వస్తుంది.

3. షెల్ అంటే ఏమిటి? స్క్రిప్టు అంటే ఏమిటి?

కంప్యూటరుకు బొమ్మల మీద నొక్కి పని చెప్పవచ్చు, అక్షరాలు టైపు చేసీ చెప్పవచ్చు. మనం టైపు చేసిన ఆదేశాన్ని అందుకుని యంత్రం చేత చేయించేదే షెల్. యూనిక్స్ అనే వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో అందులో చేరింది. నేడు లినక్స్‌లో మనం ఎక్కువగా వాడే బ్యాష్‌ను బ్రయాన్ ఫాక్స్ 1989లో రాశారు.

బ్యాంకువాళ్ళకు ఇది కొత్త కాదు. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక శాఖల్లోకి లెడ్జరు యంత్రాలు రావడం మొదలైంది. వాటిలో చాలా వాటి మీద నడిచింది యూనిక్సే. రోజు చివర డే ఎండ్ చేయడానికి మేము ఒక మెనూలో అంకె నొక్కేవాళ్ళం. వెనక వరసగా పది పనులు జరిగేవి. ఆ పది పనులూ రాసి పెట్టిన కాగితం లాంటిదే స్క్రిప్టు అని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పాలంటే, స్క్రిప్టు ఒక స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. ప్రతి నెలా 5వ తేదీన నా ఎస్.బి. ఖాతాలోంచి ఆర్.డి. ఖాతాకు ఇంత మార్చండి అని ఒకసారి రాసిస్తాం. ఆ తరువాత బ్యాంకు దాన్ని చేస్తూ పోతుంది. పదకొండు ఫైళ్ళను ఒక్కొక్కటిగా మార్చవచ్చు. కానీ రేపు మరో ఇంటివారు వంద ఫైళ్ళు తెస్తే? ఒకసారి రాసిపెట్టుకుంటే పదకొండైనా వందైనా ఒకే ఆదేశం.

ఫైలును మార్చే అసలు పని చేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఫాబ్రిస్ బెలార్ 2000లో దీన్ని ప్రారంభించారు. షెల్ స్క్రిప్టు మేస్త్రీ అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ పనివాడు.

4. నా పొరపాటు

నేను మొదట రాసిన స్క్రిప్టు నాలుగే వరుసలు. ఫోల్డరులోని ప్రతి వేవ్ ఫైలునూ తీసుకో, ఎంపీ3గా మార్చు, లూపు ముగించు. చివరి వరుసలో, చోటు ఖాళీ కావాలని, వేవ్ ఫైళ్ళన్నీ తుడిచెయ్యి అని రాశాను. అది నడుస్తుండగా టీ తాగడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. ఎంపీ3లను కార్డులోకి ఎక్కించి వదినకు ఇచ్చాను. బూజు పట్టిన రెండు క్యాసెట్లను, ఇక కంప్యూటరులో ఉన్నాయి కదా అని, అప్పటికే పాత సామాన్లవాడికి వేశాను.

పది రోజుల తరువాత వదిన అడిగింది: "ఏమయ్యా, రాయబారం రెండో వైపు లేదేం?"

చూస్తే పదకొండు ఉండవలసిన చోట తొమ్మిదే ఉన్నాయి. కారణం ఇది. తొమ్మిది ఫైళ్ళకు ఖాళీ లేకుండా పొట్టి పేర్లు పెట్టాను. చివరి రెండింటికి మాత్రం "రాయబారం రెండో వైపు" అన్నట్టు మాటల మధ్య ఖాళీలు వదిలి ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు రాశాను. షెల్‌కు ఖాళీ అంటే ఒక మాట ముగిసిందని అర్థం. అది "రాయబారం" అన్న ఫైలు కోసం వెతికింది. అలాంటిది లేదు. లేదని తెర మీద చెప్పింది కూడా. నేను టీ కొట్టు దగ్గర ఉన్నాను. తరువాత చివరి వరుస వచ్చింది. మారినవీ మారనివీ చూడకుండా వేవ్ ఫైళ్ళన్నిటినీ తుడిచేసింది. నేను చెప్పిన పనే అది చేసింది.

ఆ రెండింటిలో ఒకదాని క్యాసెట్టు ఇంట్లోనే ఉంది, మళ్ళీ రికార్డు చేశాను. రాయబారం రెండో వైపు ఉన్నది బూజు పట్టిన క్యాసెట్టులో. తుడిచిన ఫైలును వెనక్కి తెచ్చే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. కానీ ఆ పది రోజుల్లో అదే డిస్కులో వేరే రికార్డింగులు చేస్తూ పోయాను. ఖాళీ అయిన చోటు నిండిపోయింది.

వదినతో అన్నాను, "ఆ పద్యాలు పెద్ద నటులు పాడినవి దొరుకుతాయి వదినా, తెచ్చిపెడతాను" అని.

"పద్యాలు ఎవరైనా పాడతారు లేవయ్యా. దాని చివర మీ అన్నయ్య నన్ను పేరు పెట్టి పిలిచి మంచినీళ్ళు అడుగుతారు. టేపు ఆపడం ఎవరూ చూసుకోలేదు ఆరోజు. నేను అడిగేది దాని గురించి" అంది.

నేను ఆ వైపు చివరిదాకా వినలేదు. పద్యాలు అయిపోయాక అక్కడ ఏదో ఉంటుందని అనుకోలేదు.

ముప్పై ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ట్యాలీ కాకుండా వోచర్లు కట్ట కట్టలేదు నేను. ఇంట్లో ఆ నియమం మరిచిపోయాను. అంతే జరిగింది.

5. సరైన పద్ధతి

ఆ తరువాత మన ట్రస్టు ఉపకార వేతనంతో బళ్ళారిలో బి.సి.ఎ. చదువుతున్న ఒక అమ్మాయికి నా స్క్రిప్టు చూపించాను. చూసిన వెంటనే "సార్, కొటేషన్ గుర్తులు లేవు" అంది. తరువాత ఇద్దరం కూర్చుని తిరిగి రాశాం. దాని క్రమం ఇది:

(అ) మొదటి వరుసలో, ఈ కాగితాన్ని చదవవలసింది బ్యాష్ అని చెప్పాలి. హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థక గుర్తు, ఆ తరువాత బ్యాష్ ఉన్న చోటి చిరునామా.

(ఆ) రెండు ఫోల్డర్లు పెట్టుకోవాలి. ఒకటి "అసలు", రెండోది "ఫోను". స్క్రిప్టు అసలు ఫోల్డరు నుంచి చదువుతుంది, రాసేది ఫోను ఫోల్డరులోనే.

(ఇ) ఫర్ అనే మాటతో లూపు మొదలవుతుంది. అసలు ఫోల్డరులో వేవ్ అని ముగిసే ఫైళ్ళు ఒక్కొక్కటే ఒక డబ్బాలోకి వస్తాయి. ఈ డబ్బానే వేరియబుల్ అంటారు. డాలరు గుర్తు పెట్టి దాని పేరు రాస్తే లోపల ఉన్నది బయటికి వస్తుంది. డాలరుతో రాసిన ప్రతిచోటా దాన్ని డబుల్ కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. అప్పుడు పేరులో ఎన్ని ఖాళీలు ఉన్నా షెల్ దాన్ని ఒకే పేరుగా చూస్తుంది. నా తొమ్మిది ఫైళ్ళకూ రెండు ఫైళ్ళకూ తేడా ఈ చిన్న గుర్తులే.

(ఈ) ఫోను ఫోల్డరులో ఆ పేరుతో ఎంపీ3 ఇప్పటికే ఉంటే దాటిపోవాలి. కరెంటు పోయి మధ్యలో ఆగినా, మళ్ళీ నడిపినప్పుడు చేసిన పనే తిరిగి చేయదు.

(ఉ) ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను పిలిచి, ఒకే వరుస, 64 కిలోబిట్లు అని చెప్పాలి. తయారయ్యే ఫైలుకు ముందు ఒక తాత్కాలికమైన పేరు పెట్టాలి. అసలు పేరుకు ముందు "సగం" అని చేర్చితే చాలు. తోకను మార్చకూడదు, ఎందుకంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ తోకను చూసే ఏ రకం ఫైలు కావాలో తెలుసుకుంటుంది. పని పూర్తయ్యాకనే సరైన పేరుకు మార్చాలి. లేకపోతే సగంలో ఆగిన ఫైలును కూడా పూర్తయినదని పైన చెప్పిన (ఈ) నియమం దాటేస్తుంది.

(ఊ) ప్రతి ఆదేశమూ ముగిశాక షెల్‌కు ఒక అంకె చెబుతుంది. సున్నా అయితే పని జరిగింది. మరే అంకె అయినా జరగలేదు. పిల్లలు ఇక్కడ తికమక పడతారు. సున్నా అంటే తప్పినట్టు కదా అని! క్యాషు లెక్కలో తేడా సున్నా అయితేనే కదా గుమాస్తా ఇంటికి వెళ్ళేది. అలా గుర్తుపెట్టుకోండి. సున్నా వస్తే పేరు మార్చు, రాకపోతే ఆ ఫైలు పేరును తప్పుల జాబితా అనే ఫైలులో రాయి అని స్క్రిప్టులో ఉండాలి. ఖాతాలో డబ్బు లేక స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆగితే రిజిస్టరులో రాసేవాళ్ళం. ఇదీ అంతే.

(ఋ) లూపు ముగిశాక రెండు ఫోల్డర్లలో ఎన్నెన్ని ఉన్నాయో లెక్కించి తెర మీద చూపించాలి. అసలు 11, ఫోను 11 అయితే ట్యాలీ. 11, 9 అయితే తప్పుల జాబితా తెరవండి.

(ౠ) తుడిచే ఆదేశం ఈ స్క్రిప్టులో ఎక్కడా ఉండకూడదు. తుడవవలసి వస్తే మరో రోజు, మనిషి చేత్తో, విన్న తరువాత.

ఆదేశాలను అక్షరం తప్పకుండా ఎలా టైపు చేయాలో ట్రస్టు కార్యాలయంలో ఒక కాగితం మీద రాసి ఉంచాము. అక్కడికి రాలేనివారు లినక్స్‌లో మ్యాన్ అనే ఆదేశం పక్కన కావలసిన ఆదేశం పేరు టైపు చేస్తే దాని వివరాలు తెర మీద వస్తాయి. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు నిరుత్సాహపడవద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే అందులో బ్యాష్ ఉంటుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా దింపుకోవచ్చు. విండోస్ వాడేవారు అందులోనే లినక్స్‌ను వేసుకునే సదుపాయం గురించి మీ మాస్టారిని అడగండి.

6. కీప్యాడ్ ఫోనులో ఎక్కించేటప్పుడు

మొదట ఫైళ్ళకు తెలుగు లిపిలో పేర్లు పెట్టాను. వదిన ఫోను తెర మీద అన్నీ పెట్టెలు పెట్టెలుగా కనబడ్డాయి. ఇలాంటి ఫోన్లకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే క్షేమం. అంకెలు వేసేటప్పుడు 1, 2 అని కాక 01, 02 అని వేయాలి. లేకపోతే అక్షర క్రమంలో 1 తరువాత 10, 11 వచ్చి, ఆపైన 2 వస్తుంది. కొన్ని ఫోన్లు కార్డులోకి ఎక్కించిన క్రమంలోనే వినిపిస్తాయి. అందుకని వరస క్రమంలో ఎక్కించడం మంచిది. ప్రశ్నార్థకం, రెండు చుక్కలు, కొటేషన్ గుర్తులు ఫైలు పేర్లలో వాడవద్దు. మెమరీ కార్డులు వాటిని ఒప్పుకోవు.

ఎక్కించాక ఒక్క ఫైలైనా ఆ ఫోనులోనే, కంప్యూటరులో కాదు, విని చూడండి. కార్డును కంప్యూటరు నుంచి తీసేముందు ఎజెక్ట్ నొక్కడం మరవకండి. మార్చేది మన ఇంటి రికార్డింగులను, మనం కొన్న క్యాసెట్లను, మనం వినడానికే. ఇతరుల పాటలు మార్చి అమ్మడం, పంచడం తప్పు.

7. అభ్యాసం

విద్యార్థులకు: (1) సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున 45 నిమిషాల ఒక వైపుకు ఎన్ని ఎంబి కావాలో లెక్క కట్టండి. (జవాబు: 43.2) (2) మీ కాలేజీలో రికార్డు చేసుకున్న రెండు పాఠాలను వేవ్ నుంచి ఎంపీ3కి మార్చండి. ఒక ఫైలు పేరులో కావాలనే ఖాళీ పెట్టి, కొటేషన్ గుర్తులు లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి నడపండి. తేడా చూడండి. (3) అసలు ఫోల్డరులో ఏదో ఒక ఖాళీ ఫైలుకు వేవ్ తోక తగిలించి ఉంచండి. మీ స్క్రిప్టు దాన్ని తప్పుల జాబితాలో రాసిందా?

తల్లిదండ్రులకు: అటక మీద క్యాసెట్లు ఉంటే దించండి. తడి తగలని చోట, ఎండ పడని చోట పెట్టండి. కంప్యూటరులోకి ఎక్కించాక కూడా వాటిని పారేయకండి. ఎక్కించిన ఫైళ్ళకు రెండో ప్రతి వేరే డిస్కులో, వీలైతే వేరే ఇంట్లో ఉంచండి. ప్రతి వైపునూ చివరిదాకా ఒకసారి వినండి. పద్యం అయిపోయిన తరువాత కూడా టేపు ఆగేదాకా వినండి.

మా వదిన ఫోనులో ఇప్పుడు పది వైపులు ఉన్నాయి. సాయంత్రం బియ్యం ఏరుతూ పెట్టుకుంటుంది. పదకొండో నంబరును ఖాళీగానే ఉంచాను. పది తరువాత పన్నెండు నుంచి కొత్త రికార్డింగులు మొదలవుతాయి. ఆ మధ్య ఆమెనే కూర్చోబెట్టి, అన్నయ్య నాటకం రోజుల గురించి చెప్పించి ఫోనులో రికార్డు చేశాను. అది పన్నెండో నంబరు. దాని అసలు ఫైలు మూడు చోట్ల ఉంది.

సందేహాలున్న విద్యార్థులు ఆదివారం ఉదయం ట్రస్టు కార్యాలయంలో నన్ను కలవవచ్చు. వచ్చేటప్పుడు ఒక ఖాళీ పెన్ డ్రైవు వెంట తెచ్చుకోండి.